వెన్నుపాము గాయంలో సంతులన ప్రతిచర్యల పరీక్ష

మంచం అంచున కూర్చున్న మనిషిని చెప్పకుండా భుజం పట్టి పక్కకు నెడితే మూడు సంగతులు జరుగుతాయి. తల ఒరిగిపోకుండా నిటారుగా ఉండాలని చూస్తుంది. మొండెం నెట్టిన దిక్కుకు ఎదురు వంగుతుంది. అప్పటికీ ఒరుగుతుంటే ఆ పక్క చెయ్యి చాచుకుని పరుపు మీద ఆనుతుంది. నిలబడి ఉన్న మనిషికైతే చెయ్యికి బదులు అడుగు పడుతుంది. ఇవన్నీ ఆలోచన పుట్టేలోపే అయిపోతాయి. వీటినే సంతులన ప్రతిచర్యలు అంటారు. వెన్నుపాముకు దెబ్బ తగిలినవారిలో వీటిలో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి, పోయినవాటి స్థానంలో శరీరం దేన్ని వాడుకుంటోంది అన్నది చూసి, కొలిచి, రాసిపెట్టడం పునరావాస వైద్యంలో ముఖ్యమైన పని.

ఈ మూడింటిలో చివరి ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది, తరచుగా వదిలేసేదీ అదే. రోగి పడ్డాడా, పడలేదా అన్నది పక్కనున్న బంధువులకూ కనిపిస్తుంది. దేనితో నిలదొక్కుకున్నాడు అన్నది మాత్రం చూడటం తెలిసినవారికే కనిపిస్తుంది. ఒకే స్కోరు వచ్చిన ఇద్దరిలో ఒకరు నడుము కండరాలతో నిలబడి ఉండవచ్చు, ఇంకొకరు మెడ, భుజాల బలంతో నెట్టుకొచ్చి ఉండవచ్చు. ఇంటికి వెళ్ళాక వాళ్ళ జీవితాలు ఒకేలా ఉండవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వెన్నుపాము గాయంతో బతుకుతున్నవారు కోటిన్నర మందికి పైనే. రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి పడటం ప్రధాన కారణాలు. తెలుగు ప్రాంతాల్లో ఈ రెండో కారణం అనగానే తాటిచెట్టు గుర్తుకొస్తుంది. మోకు జారి పడి నడుము విరిగిన గీత కార్మికులు ఉన్న ఊళ్ళు తెలంగాణలో చాలానే ఉన్నాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో భద్రతా కిట్లు పంచడం మొదలుపెట్టడానికి కారణం అదే.

ప్రతిచర్య ఎక్కడ పుడుతుంది

నిలబడటం వేరు, నిలదొక్కుకోవడం వేరు. శరీర బరువును మోయడానికి కావలసిన సర్క్యూట్లు వెన్నుపాములోనే కొంతవరకు ఉన్నాయి. చార్లెస్ షెరింగ్టన్ తన సహచరుడు లిడెల్‌తో కలిసి 1924లో వర్ణించిన సాగుడు ప్రతిచర్య అలాంటిదే: కండరం సాగితే అది వెంటనే బిగుసుకుంటుంది. అదే ఏడాది హాలండ్‌లోని యూట్రెక్ట్‌లో రుడాల్ఫ్ మాగ్నస్ శరీర భంగిమపై తన పెద్ద గ్రంథం ప్రచురించాడు. తలనూ ఒంటినీ నిటారుగా తిప్పుకునే ప్రతిచర్యలకు మెదడు కాండంలోని కేంద్రాలు కావాలని అందులో చూపించాడు.

ఈ తేడాను చాలా స్పష్టంగా చూపిన ప్రయోగం 1999లో జేన్ మాక్‌ఫెర్సన్, జాయిస్ ఫంగ్ చేసినది. ఛాతీ మట్టంలో వెన్నుపామును పూర్తిగా కోసేసిన పిల్లులకు నెలల తరబడి నిలబడే తర్ఫీదు ఇచ్చారు. అవి వెనక కాళ్ళ మీద బరువు మోయగలిగాయి. కానీ కింద ఉన్న వేదికను ఒక్కసారి జరిపితే మామూలు పిల్లిలో కనిపించే ప్రతిచర్య వాటిలో రాలేదు. మోసే శక్తి వెన్నుపాముది. సర్దుకునే శక్తి పైనుంచి రావాలి.

పైనుంచి వచ్చేది ఎంత వేగంగా వస్తుందో 1970ల్లో లూయిస్ నాష్నర్ కదిలే వేదికల మీద మనుషుల్ని నిలబెట్టి కొలిచాడు. కాలి కింద నేల జరిగితే పిక్క కండరంలో వెన్నుపాము స్థాయి ప్రతిచర్య 40 నుంచి 50 మిల్లీసెకన్లలో వస్తుంది. కానీ మనిషిని నిజంగా నిలబెట్టేది అది కాదు. దాని తర్వాత, దాదాపు 100 మిల్లీసెకన్ల దగ్గర వచ్చే పెద్ద స్పందన. దానికి వార్త మెదడు కాండం దాకా పోయి తిరిగి రావాలి. కావాలని చేసే కదలికకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, అది వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది. ఫే హోరక్‌తో కలిసి నాష్నర్ 1986లో మరో సంగతి చూపించాడు. నేల విశాలంగా ఉంటే మనిషి చీలమండ దగ్గరే ఊగి సర్దుకుంటాడు, ఇరుకైన దూలం మీద నిలబడితే తుంటి దగ్గర వంగుతాడు. ఈ రెండూ చాలనప్పుడు అడుగు వేస్తాడు. నేటి పరీక్షల్లో చాలావాటికి పునాది ఈ మూడు పద్ధతులే.

వెన్నుపాములో ఈ వార్తలు నడిచే దారులు వేరువేరు. వెనకవైపు స్తంభాలు కీలు ఏ కోణంలో ఉందో పైకి చెబుతాయి. చిన్నమెదడుకు పోయే దారులు పక్కన ఉంటాయి. లోపలి చెవి నుంచి, మెదడు కాండం నుంచి కిందికి దిగే దారులు ముందువైపున దిగి మొండాన్నీ, నడుమునూ, తుంటినీ అదుపు చేస్తాయి. కాబట్టి పాక్షిక గాయంలో ఏ భాగం దెబ్బతింది అన్నదాన్ని బట్టి లోపం రూపమే మారిపోతుంది. వెనక స్తంభాలు పోయినవారికి బలం ఉంటుంది, కళ్ళు మూసుకుంటే నిలబడలేరు. ముందు భాగం పోయినవారికి కాలు ఎక్కడుందో తెలుస్తుంది, దాన్ని సమయానికి కదపలేరు.

గాయం మట్టం, మిగిలిన కండరం

గాయాన్ని వర్గీకరించడానికి అమెరికన్ స్పైనల్ ఇంజురీ అసోసియేషన్ 1982లో మొదలుపెట్టి పలుమార్లు సవరించిన ప్రమాణాలు ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. వాటిలో ఎ గ్రేడు అంటే మలద్వారం చుట్టూ ఉన్న చివరి నాడీ ఖండాల్లో సైతం స్పర్శ గానీ కదలిక గానీ లేని సంపూర్ణ గాయం. ఇ అంటే పరీక్షకు అందే లోపం లేదని. మధ్యలో బి, సి, డి పాక్షిక గాయాలు. ఈ పరీక్షలో చేతుల్లో అయిదు, కాళ్ళలో అయిదు ముఖ్య కండరాల బలం చూస్తారు. మొండెం కండరాలకు మార్కులు లేవు. సంతులనం చూసేవారికి ఇది పెద్ద లోటు. ఛాతీ మట్టపు (టి) ఖండాల్లో పైనున్న టి3 గాయానికీ కిందున్న టి11 గాయానికీ కాళ్ళు, చేతుల మార్కులు ఒకేలా ఉండవచ్చు, కూర్చునే తీరు మాత్రం ఒకేలా ఉండదు. పొట్ట కండరాలకు నరాలు సుమారు టి6 నుంచి టి12 దాకా వస్తాయి. పడుకున్న మనిషిని తల ఎత్తమన్నప్పుడు బొడ్డు పైకి జరిగితే పొట్ట పైభాగం పని చేస్తోందనీ, కింది భాగం చేయడంలేదనీ అర్థం. అర నిమిషం పట్టే ఈ చిన్న పరీక్షను చేయకుండా కూర్చునే సంతులనం గురించి రాయడం నాకు సగం పనిగానే కనిపిస్తుంది.

మెడ దగ్గర (సి ఖండాల్లో) గాయమైనవారిలో సి5 మట్టమైతే మోచెయ్యి ముడవగలరు, చాపలేరు. సి6 అయితే మణికట్టు పైకి ఎత్తగలరు. మోచెయ్యి చాపే కండరం సి7 నుంచి. పక్కకు పడిపోతున్నప్పుడు చెయ్యి చాచి ఆనడమనే రక్షణ ప్రతిచర్యకు ఈ కండరమే ప్రాణం. సి6 వారిలో అది లేదు కనుక, చెయ్యి నేలకు తగిలినా మోచెయ్యి మడతపడి కూలిపోతుంది. అయినా తర్ఫీదు పొందినవారు భుజాన్ని బయటికి తిప్పి, భుజం ముందు కండరంతో నెట్టి, మోచేతి కీలును ఎముకల అమరికతోనే తాళం వేసినట్టు బిగిస్తారు. ఇది నేర్చుకున్న విద్య, ప్రతిచర్య కాదు. ముందే చెయ్యి అక్కడ పెట్టుకుని ఉంటే పనికొస్తుంది. హఠాత్తుగా నెడితే సమయానికి అందదు. ఈ రెండింటినీ విడివిడిగా రాయాలి.

ఇదే మట్టంలో మరో జాగ్రత్త ఉంది. మణికట్టు ఎత్తినప్పుడు వేళ్ళు తమంతట ముడుచుకుని వస్తువును పట్టడం సి6 వారికి ఉన్న ఒకే ఒక్క పట్టు. అరచెయ్యి పరచి, వేళ్ళు చాపి, దాని మీద బరువు మోపిస్తే వేళ్ళు ముడిచే స్నాయువులు సాగిపోయి పట్టు పోతుంది. అందుకే పరీక్షలో చేతిపై ఆనించేటప్పుడు వేళ్ళు ముడిచి ఉంచమంటారు.

ఛాతీ పైభాగంలో గాయమైనవారి సంగతి చిత్రమైనది. పొట్ట, నడుము కండరాలకు ఆజ్ఞలు అందవు, అయినా నెలలు గడిచేసరికి చాలామంది ఆసరా లేకుండా కూర్చోగలుగుతారు. నెదర్లాండ్స్‌లో సీలెన్, ఆయన సహచరులు 1990ల్లో కండరాల విద్యుత్ సంకేతాలు నమోదు చేసి దీని గుట్టు తేల్చారు. వీపు మీద వెడల్పుగా పరుచుకున్న లాటిసిమస్ డోర్సీ కండరానికి నరం మెడ నుంచి వస్తుంది, కాని దాని కొస కటి ఎముకకు అంటుకుని ఉంటుంది. అంటే గాయానికి పై నుంచి కిందికి దాటి వెళ్ళే వంతెన అది. మామూలుగా చెయ్యి లాగడానికి ఉన్న ఆ కండరాన్నీ, భుజపు రెక్కను కిందికి లాగే ట్రపీజియస్ కింది భాగాన్నీ వీళ్ళు కూర్చోవడానికి వాడుకుంటారు. పరీక్షించేవారు వీపు మీద చెయ్యి వేసి చూస్తే ఈ కండరం బిగియడం వేళ్ళకు తెలుస్తుంది.

నడుము కింది భాగంలో, గుర్రపుతోక నరాలు దెబ్బతిన్నవారిది మరో తీరు. మొండెం బాగుంటుంది, తుంటి ముడిచే, మోకాలు చాపే కండరాలు పనిచేయవచ్చు, పాదం మాత్రం వేలాడుతుంది. వీరిలో చీలమండ దగ్గరి సర్దుబాటు పోయింది, తుంటి దగ్గరిది కొంత ఉంది. నిలబెట్టి మెల్లగా నెడితే, ఎవరైనా చీలమండతో సర్దుకునేంత చిన్న నెట్టుకే వీరు నడుము ముందుకు వంచి చేతులు ఊపుతారు. మెడ దగ్గర వెన్నుపాము మధ్యభాగం నలిగినవారిది దీనికి తలకిందులు. కాళ్ళు నడుస్తాయి, చేతులు పనిచేయవు. 1954లో రిచర్డ్ ష్నైడర్ వర్ణించిన ఈ స్థితి పెద్ద వయసువారిలో ఎక్కువ. వీరు నడుస్తున్నారని ఇంట్లోవారు సంతోషిస్తారు. పడితే ముఖం నేలకు కొట్టుకుంటుంది, ఎందుకంటే చెయ్యి అడ్డం రాదు. పడే అవకాశం ఎంత అని అంచనా వేసే పరీక్షలు చాలానే ఉన్నాయి. పడితే ఏమవుతుంది అన్నది వాటిలో చాలావాటికి పట్టదు.

మొదలుపెట్టే ముందు

గాయమైన తొలి రోజుల్లో, గాయం కింద ప్రతిచర్యలన్నీ నిద్రపోయే వెన్నుపాము షాక్ దశలో ఈ పరీక్షలకు అర్థం లేదు. వెన్నుపూస స్థిరంగా ఉందని శస్త్రవైద్యులు చెప్పాకే కూర్చోబెట్టి కదపాలి. బెల్టు వేసుకుని చేస్తే అది వేసుకుని చేసినట్టు రాయాలి, ఎందుకంటే బిగుతైన బెల్టు లేని నడుమును ఉన్నట్టు చూపుతుంది.

టి6, అంతకు పై గాయాల్లో రక్తపోటు రెండు వైపులా మోసం చేస్తుంది. పడుకున్నవారిని లేపి కూర్చోబెడితే పై అంకె 20 లేదా కింది అంకె 10 పాయింట్లు పడిపోవచ్చు. అప్పుడు తల తూలడం సంతులన లోపం కాదు, మెదడుకు రక్తం చాలకపోవడం. దీనికి ఎదురుది ఇంకా ప్రమాదం. మూత్రాశయం నిండిపోయినా, గొట్టం మడతపడినా, కింద పుండు ఒరుసుకున్నా రక్తపోటు ఒక్కసారి ఎగబాకుతుంది. తలనొప్పి, ముఖం ఎర్రబారడం, చెమటలు కనిపిస్తే పరీక్ష ఆపి, కూర్చోబెట్టి ఉంచి, కారణం వెతకాలి. అందుకే మూత్రపు సంచి ఖాళీ చేయించడం ఈ పరీక్షలో మొదటి మెట్టు. పిరుదుల చర్మం చూడటం రెండోది. స్పర్శ లేని చర్మం మీద పక్కలకు నెట్టడమంటే దాన్ని ఒరిపిడికి గురిచేయడమే. ఏళ్ళుగా కాళ్ళపై బరువు పడనివారిలో మోకాలి చుట్టూ ఎముకలు పెళుసుగా ఉంటాయి. చిన్న పాటుకే విరుగుతాయి, విరిగినట్టు వాళ్ళకు తెలియకపోవచ్చు కూడా.

కూర్చోబెట్టి చూడటం

పరుపు గట్టిగా ఉండాలి, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, వీపుకు ఊతం ఉండకూడదు, రెండు చేతులూ తొడల మీద. పరీక్షించేవారు ఒకరు ఎదురుగా, ఇంకొకరు వెనక. ముందు నెట్టకుండా ఊరకే చూడాలి. ఛాతీ పైభాగపు గాయమున్నవారు దాదాపు ఎప్పుడూ కటిని వెనక్కి వాల్చి, వెన్నును విల్లులా వంచి, త్రికాస్థి మీద కూర్చుంటారు. అది బద్ధకపు కూర్చోడం కాదు. బరువును వెనక్కి వేసి, కండరాలు చేయలేని పనిని స్నాయువులకు అప్పగించడం అది. నిటారుగా కూర్చోమని సరిచేస్తే ముందుకు పడతారు.

తర్వాత చేతులు ఒక్కొక్కటిగా ఎత్తమంటారు, ఆపైన రెండూ. చెయ్యి ముందుకు చాచే ముందే మొండెం కాస్త వెనక్కి సర్దుకోవాలి. ఇది ముందస్తు సర్దుబాటు. అప్పుడే నెట్టడం. రొమ్ము ఎముక మీద, రెండు భుజపు రెక్కల మధ్య, ఒక్కో భుజం మీద, చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి. చెప్పినప్పుడు తట్టుకుని చెప్పనప్పుడు కూలిపోయేవారే ఎక్కువ, ఆ తేడాయే ఇక్కడ కొలవవలసిన అసలు సంగతి. నెట్టిన ప్రతిసారీ కళ్ళు నాలుగు చోట్లకు పోవాలి: తల తిరిగి నిటారుకు వచ్చిందా, మొండెం నెట్టిన దిక్కుకు ఎదురు వంగిందా, ఏ చెయ్యి కదిలింది, కాళ్ళు ఏం చేశాయి.

మన ఆసుపత్రుల కేసు షీట్లలో దీనంతటి స్థానంలో సిటింగ్ బ్యాలెన్స్ ఫెయిర్ అనే మూడు మాటలు కనిపిస్తాయి. ఫెయిర్ అంటే ఎవరి లెక్కలో ఎంతో చదివేవారికి తెలియదు. దాని బదులు, కుడివైపు నెడితే తల నిటారుకు వచ్చింది, మొండెం రాలేదు, కుడి చెయ్యి సమయానికి ఆనింది. ఎడమవైపు చెయ్యి ఆలస్యమైంది, పట్టుకోవలసి వచ్చింది అని రాస్తే రెండు నెలల తర్వాత చూసేవారికి ఏం మారిందో తెలుస్తుంది.

కాళ్ళు బారజాపి కూర్చోవడం ఇంకో స్థితి. మంచం మీద బట్టలు వేసుకోవడానికి, కాళ్ళు కడుక్కోవడానికి ఇదే కావాలి. తొడ వెనక కండరాలు బాగా సాగి ఉండాలి, నడుము మాత్రం కాస్త బిగుసుకుని ఉంటేనే మేలు. మరీ సాగదీసిన నడుముతో మొండెం ముందుకు కుప్పకూలుతుంది. మన ఇళ్ళలో దీనితో పాటు బాసింపట్టు కూడా చూడక తప్పదు. పూజ, భోజనం, పేకాట అన్నీ నేల మీదే జరిగే ఇంటికి తిరిగి వెళ్ళే మనిషి అతను. అయితే బాసింపట్టులో మోకాళ్ళు పక్కలకు పరుచుకుని ఆనిక చాలా వెడల్పవుతుంది. అందులో బాగా కూర్చున్నవారు మంచం అంచున అంత బాగా కూర్చుంటారని అనుకోకూడదు. రెండూ విడిగా చూడాలి.

అంకెలు కావాలంటే అందుబాటులో ఉన్న పరీక్ష చెయ్యి చాచే పరీక్ష. నిలబడి చేసేందుకు పమేలా డంకన్ 1990లో రూపొందించినదాన్ని లించ్, ఆమె సహచరులు 1998లో వెన్నుపాము గాయంవారికి కూర్చుని చేసేలా మార్చారు. గోడకు టేపు అంటించి, ఒక చెయ్యి భుజం ఎత్తున చాచమని, పడిపోకుండా ఎంత ముందుకు పోగలరో కొలుస్తారు. ఛాతీ కింది భాగంలో గాయమైనవారికీ ఆపై గాయాలవారికీ తేడాను ఇది పట్టిచ్చింది. కానీ మెడ గాయాలకూ ఛాతీ పైభాగపు గాయాలకూ తేడాను పట్టలేకపోయింది. రెండు గుంపుల్లోనూ మొండెం లేదు కనుక అందులో ఆశ్చర్యం లేదు. గుర్తుంచుకోవలసిందేమంటే, చాచడం అతను తనంతట చేసే పని. ఎవరో నెట్టినప్పుడు ఏమవుతుందో ఇది చెప్పదు. ఫంక్షన్ ఇన్ సిటింగ్ టెస్ట్ అనే 14 అంశాల పరీక్షలో నెట్టి చూసే అంశాలు కూడా ఉన్నాయి, అందుకే చెయ్యి చాచే పరీక్ష కన్నా ఇది మెరుగు.

క్రీడారంగంలో ఇదే పని వేరే పేరుతో జరుగుతుంది. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ 1948 జూలై 29న 16 మంది రోగులతో విలువిద్య పోటీ పెట్టాడు. చక్రాల కుర్చీలో విల్లు ఎక్కుపెట్టేవారికి రెండు చేతులూ విల్లుకే పోతాయి. పడకుండా ఉండే భారమంతా మొండానిదే. ఇప్పుడు వీల్‌ఛైర్ బాస్కెట్‌బాల్‌లో ప్రతి ఆటగాడికీ 1.0 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇచ్చి, మైదానంలో ఉన్న అయిదుగురి మొత్తం 14 దాటకూడదంటారు. ఆ పాయింట్లకు మూలం మొండాన్ని ఏయే దిక్కుల్లో ఎంతవరకు అదుపులో తిప్పగలరన్నది. ఆటలో ఢీకొట్టినప్పుడు ఏమవుతుందో కూడా చూస్తారు కనుక, కొన్ని విషయాల్లో ఆసుపత్రి పరీక్ష కన్నా ఇది నిజాయితీగా ఉంటుంది.

నిలబెట్టి చూడటం

సంపూర్ణ గాయమైనవారు కాలిపర్లు బిగించుకుని చంకకర్రలతో నిలబడినప్పుడు తుంటిని బాగా ముందుకు నెట్టి, మొండెం వెనక్కి వాలుస్తారు. అలా నిలబడితే తుంటి ముందున్న బలమైన స్నాయువు బరువునంతా మోస్తుంది, ఒక్క కండరమూ పనిచేయక్కరలేదు. ఇది చూడచక్కని నిలకడ, ప్రతిచర్య మాత్రం సున్నా. వెనక నుంచి చిటికెన వేలితో నెట్టినా నడుము దగ్గర మడతపడిపోతారు. కాబట్టి నిలబడి ప్రతిచర్య చూడటమంటే ప్రధానంగా పాక్షిక గాయాలవారి సంగతే.

వీరిలో చాలాకాలం నడిచిన పరీక్ష కేథరీన్ బెర్గ్ 1989లో ప్రచురించిన స్కేలు. 14 పనులు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 56. వృద్ధుల కోసం తయారైనది. కూర్చుని లేవడం, ఒంటికాలిపై నిలబడటం, వెనక్కి తిరిగి చూడటం వంటివి ఉంటాయి. నెట్టి చూసే అంశం ఒక్కటీ లేదు. నడిచే వెన్నుపాము రోగులపై 2010లో లెమే, నాడో చేసిన అధ్యయనంలో చాలామంది పై అంచుకు చేరిపోయారు. 56కు 56 తెచ్చుకున్న మనిషి బస్సు బ్రేకు వేసినప్పుడు నిలబడగలడా అని అడిగితే ఈ స్కేలు దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు కోసం వచ్చింది హోరక్ బృందం 2009లో ప్రచురించిన బెస్ట్ టెస్ట్, దాన్ని కుదించి ఫ్రాంకిన్యోని, సహచరులు 2010లో చేసిన మినీ బెస్ట్ టెస్ట్. కుదించినదాంట్లో 14 అంశాలు, మొత్తం 28 మార్కులు. వాటిలో మూడు ప్రతిచర్యవి. రోగి ముందుకు వాలి, భుజాలూ తుంటీ కాలివేళ్ళ కన్నా ముందుకు వచ్చేదాకా తన బరువును పరీక్షకుని అరచేతుల మీద వేస్తాడు. అరచేతులు హఠాత్తుగా తీసేస్తారు. ఒకే పెద్ద అడుగుతో నిలదొక్కుకుంటే 2, ఒకటికన్నా ఎక్కువ అడుగులు పడితే 1, అడుగు పడకపోయినా పట్టుకోవలసి వచ్చినా 0. ఇదే వెనక్కి, పక్కలకు. పక్కలకు చేసినప్పుడు రెండువైపుల్లో తక్కువ వచ్చిన మార్కే లెక్క. చేతికర్ర వాడితే ఆ అంశంలో ఒక మెట్టు తగ్గిస్తారు. టొరంటోలో క్రిస్టిన్ మసల్‌మన్ బృందం వెన్నుపాము గాయంవారిలో దీన్ని పరీక్షించి, నమ్మదగినదేనని చూపింది.

చేతులతో పట్టుకుని వదలడంలో ఒక చిక్కు ఉంది. పరీక్షకుని చేతి బలం, వదిలే వేగం మనిషికో తీరు. అదే బృందం రోగి నడుముకు తాడు కట్టి, శరీర బరువులో సుమారు పదో వంతు ఆ తాడు మీద పడేదాకా వాలనిచ్చి, చెప్పకుండా తాడు వదిలే పద్ధతిని వాడింది. పైన పట్టీ ఉంటుంది కనుక నేల తగలదు. పాక్షిక గాయాలవారిలో ఒక్క అడుగుతో ఆగినవారు తక్కువ, పలు అడుగులు వేసినవారు, పట్టీకి వేలాడినవారు ఎక్కువ. ఇలా నెట్టి నెట్టి తర్ఫీదు ఇస్తే మెరుగవుతుందా అని యాదృచ్ఛిక విభజనతో చేసిన అధ్యయనాన్ని వారు 2021లో ప్రచురించారు. నెట్టే తర్ఫీదు పొందినవారూ, మామూలు కఠిన సంతులన వ్యాయామాలు చేసినవారూ ఇద్దరూ మెరుగుపడ్డారు. ఒకరికన్నా ఒకరు ముందుకు పోలేదు. ఖరీదైన యంత్రం లేదని చింతించే జిల్లా ఆసుపత్రులకు ఇది మంచి కబురే.

జ్ఞానేంద్రియాల వంతు చూడటానికి రోంబర్గ్ పరీక్ష పాతదే అయినా పనికొస్తుంది: పాదాలు కలిపి నిలబెట్టి కళ్ళు మూయించడం. స్పాంజి దిమ్మ మీద నిలబెట్టి అదే చేస్తే పాదాల నుంచి వచ్చే వార్త కూడా మసకబారుతుంది. వెన్నుపాము గాయమైనవారు చూపు మీద మామూలువారికన్నా ఎక్కువ ఆధారపడతారు. రాత్రి కరెంటు పోయినప్పుడు పెరట్లోకి వెళ్ళగలరా అన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న.

బిగువు వేసే వేషం

అనుభవం లేని కంటిని ఎక్కువగా మోసగించేది స్పాజం. నెట్టగానే కాళ్ళు బిగుసుకుని చాచుకుంటాయి, రోగి పడకుండా ఉంటాడు, ప్రతిచర్య వచ్చిందని రాసేస్తారు. అది నెట్టు దిక్కును బట్టి మారిందా అని చూడాలి. నిజమైన ప్రతిచర్యకు దిక్కు ఉంటుంది: ఎడమకు నెడితే ఒకటి, కుడికి నెడితే మరొకటి. చిన్న నెట్టుకు చిన్నది, పెద్ద నెట్టుకు పెద్దది. స్పాజానికి ఇవేవీ పట్టవు, ఎటు నెట్టినా ఒకే తీరున వస్తుంది, ఆగడానికి సమయం పడుతుంది. పాదం టకటకా కొట్టుకునే క్లోనస్ మొదలైతే ఉన్న నిలకడ కూడా పోతుంది.

అలాగని బిగువు శత్రువు కాదు. కొందరు తొడ బిగువు మీదే నిలబడి మంచం నుంచి కుర్చీకి మారతారు. మందులతో బిగువు తగ్గించి, కూర్చోగలిగినవారిని కూర్చోలేకుండా చేసిన సందర్భాలు ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. అందుకే బిగువు తగ్గించే బాక్లోఫెన్ మోతాదు మార్చే ముందూ తర్వాతా సంతులనం పరీక్షించాలి. మందు వేసుకున్న ఎన్ని గంటలకు పరీక్ష చేశారో కూడా రాయాలి.

పరికరాలు, పడిపోవడాలు

ప్రయోగశాలల్లో ఒత్తిడి కేంద్రం ఎటు ఊగుతోందో చెప్పే ఫోర్స్ ప్లేట్లు, కండరం ఎన్ని మిల్లీసెకన్లకు మేలుకుందో చెప్పే ఎలక్ట్రోడ్లు ఉన్నాయి. పాక్షిక గాయాలవారిలో స్పందన ఆలస్యంగా, బలహీనంగా వస్తుందని తేలింది వీటి వల్లే. అయితే తక్కువ ఊగడమంటే మంచి సంతులనమని చదువుకోకూడదు. భయంతో కొయ్యబారిపోయిన మనిషి కూడా తక్కువే ఊగుతాడు.

ఇదంతా ఎందుకంటే పడిపోవడం ఎక్కువ కనుక. 2019లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం ఏడాదిలో కనీసం ఒకసారి పడినవారు నడిచేవారిలో 78 శాతం, చక్రాల కుర్చీవారిలో 69 శాతం. నడిచేవారే ఎక్కువ పడతారన్నది చాలామంది ఊహించని సంగతి. కుర్చీవారు ఎక్కువగా పడేది మంచానికీ కుర్చీకీ మధ్య మారేటప్పుడు, ర్యాంపుల మీద, గుంతల్లో ముందు చక్రం ఇరుక్కున్నప్పుడు. కాబట్టి వారి సంతులనాన్ని వారి కుర్చీలో, వారి మెత్త మీద కూడా చూడాలి. గట్టి బల్ల మీద బాగున్నవారు గాలి మెత్త మీద తూలవచ్చు. భయాన్ని కొలవడానికి కూడా ప్రశ్నావళులు ఉన్నాయి. వెన్నుపాము రోగుల కోసమే 2010లో చేసినదాంట్లో 16 ప్రశ్నలు.

భారతదేశంలో ఈ విద్యకు పెద్ద దిక్కు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ). అక్కడి వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డాక, తాను చక్రాల కుర్చీలో ఉండే, కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఆమె చొరవతో 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. రెండు చేతులకూ పని ఉన్నప్పుడు మొండెం నిలవడమంటే ఏమిటో ఆమెకు పుస్తకాల నుంచి తెలియవలసిన అవసరం లేకపోయింది.

ఇటీవలి ఆసక్తి వెన్నుపాము పైపొర మీద అమర్చే విద్యుత్ ప్రేరణ మీద ఉంది. 2011లో ప్రచురితమైన నివేదిక ప్రకారం, అమెరికాలోని లూయివిల్‌లో సుసాన్ హార్కెమా బృందం కదలిక పూర్తిగా పోయిన ఒక 23 ఏళ్ళ యువకునికి 16 ఎలక్ట్రోడ్ల పరికరం అమర్చి, తన బరువు తానే మోస్తూ నిలబడేలా చేసింది. నాలుగు నిమిషాలకు పైగా నిలబడగలిగాడు. ఆ నివేదికలో సహాయం ఎక్కడ కావలసి వచ్చిందో కూడా ఉంది: బరువు మోయడానికి కాదు, సంతులనానికి.